రోటరీ ఇంజిన్‌కు సీళ్ల పదార్థాన్ని ఎంచుకోవడం ఎలా?

ఏ అపెక్స్ సీల్ మంచిదని అడిగితే, అది ఏ గోడకు రాసుకుంటుందో తెలియకుండా జవాబు చెప్పడం కుదరదు. వాంకెల్ రోటరీ ఇంజిన్‌లో మూడు మూలల రోటర్ ఒకటి, వేరుశనగ కాయలా మధ్యలో కొద్దిగా నొక్కుకుపోయిన గదిలో తిరుగుతూ ఉంటుంది. ఆ మూడు మూలల్లోనూ గాడిలో ఒక్కొక్క సన్నని పట్టీ కూర్చుని, పక్కపక్క గదుల్లోని వాయువులు కలిసిపోకుండా అడ్డు నిలుస్తుంది. ఆ పట్టీయే అపెక్స్ సీల్. పిస్టన్ ఇంజిన్‌లో రింగులు చేసే పనిని ఇక్కడ ఇది చేస్తుంది. అయితే రింగు ఎప్పుడూ ఒకే తీరుగా సిలిండర్ గోడకు ఆనుకుని ఉంటుంది; అపెక్స్ సీల్ మాత్రం ఒకసారి ఇటు, ఒకసారి అటు వాలుతూ, సన్నని గీత మేరకే గోడను తాకుతూ పోతుంది. పదార్థం ఎంపికలో పొరపాటు జరిగితే సీల్ ఒక్కటే పోదు, దానికన్నా ఎన్నో రెట్లు ఖరీదైన హౌసింగ్‌నూ (రోటర్ తిరిగే గది గోడనూ) వెంట తీసుకుపోతుంది.

ఇక్కడ ఉదాహరణగా మాజ్డా వారి 13బి ఇంజిన్‌ను తీసుకుంటున్నాను. ఒక్కొక్కటి 654 ఘన సెంటీమీటర్ల చొప్పున రెండు రోటర్లున్న ఈ ఇంజిన్ ఆర్‌ఎక్స్-7 కార్లలో ఎక్కువగా కనిపిస్తుంది. విప్పి మళ్లీ బిగించుకునేవారికి విడిభాగాలు ఎక్కువగా దొరికేదీ దీనికే. మీరు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పాత ఆర్‌ఎక్స్-7ను బాగుచేసుకుంటున్నా, ఇక్కడ మానవరహిత విమానం కోసం చిన్న రోటరీ ఇంజిన్ మీద పని చేస్తున్న ఇంజనీరింగ్ విద్యార్థి అయినా, కొలతలు మారతాయి గాని ఆలోచించే వరస మారదు.

మొదటి మెట్టు: ఇంజిన్ వివరాలను, దానితో చేయబోయే పనిని కాగితం మీద పెట్టండి

సీల్ మందం ఎంతో ముందు తేల్చుకోండి. 1985 వరకు వచ్చిన 13బి రోటర్లలో గాడి 3 మిల్లీమీటర్ల సీల్‌కు సరిపోయేలా ఉంటుంది. 1986 నుంచి వచ్చిన వాటిలో 2 మిల్లీమీటర్ల సీల్ పడుతుంది. ఆర్‌ఎక్స్-8 ఇంజిన్‌లో మందం 2 మిల్లీమీటర్లే అయినా సీల్ ఎత్తు తక్కువ కాబట్టి, మందం కలిసిందని దాన్ని ఆర్‌ఎక్స్-7 రోటర్‌లో పెట్టకూడదు. మాజ్డా వారిదే అయిన 12ఎ ఇంజిన్ రోటర్ వెడల్పు 70 మిల్లీమీటర్లు, 13బిది 80. అందుచేత సీల్ పొడవు కూడా మారుతుంది.

తరువాత నాలుగు విషయాలు రాసుకోండి: టర్బో ఉందా లేదా, ఇంజిన్‌ను ఎన్ని ఆర్‌పీఎం దాకా తిప్పబోతున్నారు, ఏ పెట్రోలు వాడతారు, ఎండాకాలంలో ఎక్కడ నడుపుతారు. చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో, లేదా దుబాయిలోనో గాలి 45 డిగ్రీలు దాటినప్పుడు ఇంజిన్ పీల్చుకునే గాలి కూడా అంతే వేడెక్కి ఉంటుంది. గాలి వేడెక్కినకొద్దీ నాకింగ్, అంటే గదిలోని ఇంధన మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలినట్టు మండటం, దగ్గరపడుతుంది. అపెక్స్ సీళ్లను విరిచే కారణాల్లో మొదటిది నాకింగే.

రెండో మెట్టు: సీల్ కొనేముందు గోడను చూడండి

చాలామంది సీళ్లు ముందుగా తెప్పించుకుని, ఇంజిన్ తరువాత విప్పుతారు. ఈ వరసను తిరగేయమని గట్టిగా చెబుతాను. మాజ్డా హౌసింగ్ అల్యూమినియంతో చేసినది. దాని లోపలి ముఖాన పలుచని ఉక్కు రేకును కలిపి పోతపోసి, ఆ రేకు మీద గట్టి క్రోమ్ పూత వేస్తారు. ఆ పూతలో నూనె నిలవడానికి సూక్ష్మ రంధ్రాలుంటాయి. గట్టి క్రోమ్ కాఠిన్యం సుమారు 800 నుంచి 1000 వికర్స్ (కాఠిన్యాన్ని కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది.

హౌసింగ్‌ను సాల్వెంట్‌తో కడిగి, ఆరబెట్టి, పగటి వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. స్పార్క్ ప్లగ్ రంధ్రాల చుట్టూ, ఎగ్జాస్ట్ పోర్టు అంచు దగ్గర, గోడ రెండు పక్కల అంచుల వెంబడి క్రోమ్ పొలుసులుగా లేచిందేమో వెతకండి. గోరుతో అడ్డంగా గీకితే తట్టుకునే గీత ఉంటే దాన్ని గుర్తు పెట్టుకోండి. తట్టుకోకుండా, కంటికి మాత్రమే సన్నని అడ్డగీతలుగా వరసగా కనిపిస్తే, పాత సీల్ కంపించిన ఆనవాళ్లవి. ఆ తరువాత మైక్రోమీటర్‌తో హౌసింగ్ వెడల్పును నాలుగైదు చోట్ల కొలవండి. 80 మిల్లీమీటర్ల వెడల్పులో చోటుకూ చోటుకూ తేడా 0.06 మిల్లీమీటర్ల లోపల ఉండాలి.

ఇలా చూశాక మీ గోడ మూడు రకాల్లో ఒకటవుతుంది: కొత్తది లేదా కొత్తదానిలా ఉన్నది, వాడినదైనా పూత చెడనిది, పూత లేచిపోయినది. మూడో రకానికి ఏ సీలూ మందు కాదు. అంచున ఎక్కడో గోరంత పొలుసు లేస్తే, సీల్ దారిలో అది లేదని తేలితే సర్దుకోవచ్చు. సీల్ నడిచే దారిలో ఉంటే మాత్రం కొత్త సీల్ అంచును అది ఆకురాయిలా గీకేస్తుంది.

మీ హౌసింగ్ మీద క్రోమ్ కాక నికెల్-సిలికాన్ కార్బైడ్ పూత ఉందేమో కూడా అడిగి తెలుసుకోండి. చిన్న విమాన ఇంజిన్లలోనూ, కొన్నిచోట్ల మళ్లీ పూత వేయించిన హౌసింగ్‌లలోనూ ఇది కనిపిస్తుంది. నిశాంత్ మానవరహిత విమానం కోసం మన దేశంలో తయారైన వాంకెల్ ఇంజిన్‌కు నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ ఇలాంటి పూతనే రూపొందించింది. ఆ ఇంజిన్‌తో నిశాంత్ 2009 ఏప్రిల్‌లో కోలార్ వద్ద ఎగిరింది. నికెల్‌లో ఇమిడి ఉండే సిలికాన్ కార్బైడ్ రేణువుల కాఠిన్యం సుమారు 2500 వికర్స్. క్రోమ్ మీద హాయిగా నడిచే సీల్ ఈ గోడ మీద కూడా అలాగే నడుస్తుందని అనుకోవద్దు.

మూడో మెట్టు: సీల్ మీద పడే బలాలను ఒకసారి లెక్కవేయండి

ఈ లెక్కకు పట్టేది పది నిమిషాలు. కేటలాగుల్లో రాసి ఉండే పొగడ్తలకన్నా ఇది ఎక్కువ చెబుతుంది. 13బిలో రోటర్ కేంద్రం నుంచి మూల దాకా దూరం 105 మిల్లీమీటర్లు, షాఫ్టు ఎక్సెంట్రిసిటీ (షాఫ్టు కేంద్రానికీ రోటర్ కేంద్రానికీ మధ్య దూరం) 15 మిల్లీమీటర్లు. ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే 7 వస్తుంది. సీల్ గోడకు ఎంత వాలుతుందన్నది ఈ ఒక్క సంఖ్య మీద ఆధారపడుతుంది: మూడును ఏడుతో భాగించి దాని ఆర్క్‌సైన్ తీస్తే సుమారు 25 డిగ్రీలు. అంటే సీల్ కొన అటు 25, ఇటు 25 డిగ్రీలు వాలుతూ తిరుగుతుంది. కొన గుండ్రంగా ఉండటానికీ, ఆ గుండ్రని భాగమంతా గట్టిగా ఉండవలసి రావడానికీ కారణం ఇదే.

షాఫ్టు మూడు చుట్లు తిరిగితే రోటర్ ఒక్క చుట్టు తిరుగుతుంది. షాఫ్టు 7000 ఆర్‌పీఎం దగ్గర ఉన్నప్పుడు రోటర్ వేగం సుమారు 2333 ఆర్‌పీఎం. అప్పుడు సీల్ గోడ వెంట సెకనుకు 15 మీటర్ల నుంచి 37 మీటర్ల దాకా వేగం మార్చుకుంటూ జారుతుంది. ఇంత వేగంలో పలుచని నూనె పొర మాత్రమే సీల్‌కూ గోడకూ మధ్య ఉంటుంది.

ఇక అసలైన విషయం బరువు. 2 మిల్లీమీటర్ల మందం, 8 మిల్లీమీటర్ల ఎత్తు, 80 మిల్లీమీటర్ల పొడవున్న పోత ఇనుప సీల్ సుమారు 9 గ్రాములు తూగుతుంది. 7000 ఆర్‌పీఎం దగ్గర, గది పొడవాటి కొసల్లో అది గోడను సుమారు 130 న్యూటన్ల బలంతో వెలుపలికి నొక్కుతుంది. తొమ్మిది గ్రాముల పట్టీ మీద పదమూడు కిలోల బరువు పెట్టినట్టు అనుకోండి. గది నడుము దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. మూల దూరాన్ని ఎక్సెంట్రిసిటీతో భాగిస్తే పైన వచ్చిన సంఖ్య 9 కన్నా తక్కువగా ఉన్న ఇంజిన్లన్నిటిలో, నడుము దగ్గర జడత్వం సీల్‌ను గోడకు దూరంగా లోపలికి లాగుతుంది. 13బిలో ఆ లాగుడు 7000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 16 న్యూటన్లు, 9000 దగ్గర సుమారు 27. ఆ క్షణంలో సీల్‌ను గోడకు అంటిపెట్టి ఉంచేవి దాని కింది స్ప్రింగు, గాడిలోకి దూరిన వాయు పీడనం మాత్రమే. అవి చాలకపోతే సీల్ గోడను వదిలి, మళ్లీ వచ్చి కొడుతుంది.

అదే కొలతలతో సిలికాన్ నైట్రైడ్ సీల్ చేస్తే బరువు సుమారు 4 గ్రాములు. ఈ జడత్వ బలాలన్నీ సగానికి పైగా తగ్గిపోతాయి. 3 మిల్లీమీటర్ల మందం, 8.5 ఎత్తు ఉన్న పాత ఇనుప సీల్ దాదాపు 15 గ్రాములు ఉంటుంది, బలాలూ అదే పాళ్లలో పెరుగుతాయి. కాబట్టి మందమైన సీల్ బలమైనది గనుక మంచిదనే మాట సగమే నిజం. అది విరగడం కష్టం, ఎక్కువ ఆర్‌పీఎంలో గోడ మీద అది మోపే భారం కూడా ఎక్కువ.

నాలుగో మెట్టు: పదార్థాలను వాటి జోడీ గోడతో కలిపి తూచండి

ఇక్కడ కొంచెం చరిత్ర అవసరం, ఎందుకంటే ఈ ఇంజిన్‌ను నిలబెట్టినవారు కూడా ఒక్కొక్క పదార్థాన్ని ఒక్కొక్క గోడతో కలిపి చూస్తూనే ముందుకు వెళ్లారు. 1963లో మాజ్డాలో కెనిచి యమమోటో నాయకత్వాన రోటరీ పరిశోధన విభాగం మొదలైనప్పుడు, ప్రయోగ ఇంజిన్ల గోడల మీద అలలుగా అడ్డగీతలు పడేవి. వాటికి అక్కడివారు దయ్యం గోళ్ల గీతలని పేరు పెట్టారు. సీల్ తన సహజ పౌనఃపున్యంలో కంపిస్తూ గోడను గోకడమే దానికి కారణమని తేలింది. 1967లో కాస్మో స్పోర్ట్ కారు వచ్చేనాటికి అల్యూమినియం నింపిన కార్బన్‌తో చేసిన 6 మిల్లీమీటర్ల మందపు సీళ్లను, గట్టి క్రోమ్ గోడతో జతచేశారు. కార్బన్ తనంతట తానే కొంత జారుడునిస్తుంది, తేలికగా ఉంటుంది, క్రోమ్‌ను గీకదు. 1970ల్లో, ఎలక్ట్రాన్ పుంజంతో కొనను కరిగించి వెంటనే చల్లార్చి గట్టిపరచిన పోత ఇనుప సీల్ దాని స్థానంలోకి వచ్చింది. దానితో మందం 3 మిల్లీమీటర్లకు తగ్గింది.

అదే 1967లో జర్మనీలో ఎన్‌ఎస్‌యూ సంస్థ రో 80 కారును విడుదల చేసింది. దాని తొలి ఇంజిన్లలో సీళ్లు త్వరగా అరిగిపోయి, హామీ గడువులోనే ఇంజిన్లు మార్చవలసి వచ్చింది. తరువాత అక్కడి ఇంజనీర్లు ఉక్కులో టైటానియం కార్బైడ్ రేణువులు కలిపిన ఫెర్రోటిక్ అనే గట్టి పదార్థాన్ని సీల్‌కు తెచ్చారు. నికెల్-సిలికాన్ కార్బైడ్ గోడకు ఆ గట్టిదనమే సరిపోయింది. మాజ్డా గోడ క్రోమ్, సీల్ ఇనుము. ఎన్‌ఎస్‌యూ గోడ సిలికాన్ కార్బైడ్, సీల్ ఫెర్రోటిక్. ఒకరి సీల్‌ను తీసి మరొకరి గోడ మీద పెడితే రెండూ చెడేవి.

ఈ అనుభవం నుంచి నేను తీసుకునే నియమం ఒకటే: సీల్ అరగాలి, గోడ మిగలాలి. సీల్ సులువుగా మార్చగలిగే భాగం, హౌసింగ్ కాదు. ఆ నియమంతో మీ ముందున్న పదార్థాలను చూద్దాం.

కంపెనీ పోత ఇనుప సీల్: రోడ్డు మీద నడిచే, టర్బో లేని ఇంజిన్‌కు మరోటి వెతకవలసిన అవసరం లేదు. పోత ఇనుములోని గ్రాఫైట్ కొంత జారుడునిస్తుంది, గట్టిపరచిన కొన నెమ్మదిగా అరుగుతుంది, క్రోమ్ గోడను నొప్పించదు. వాడిన హౌసింగ్ మీద కూడా ఇది బాగానే కుదురుకుంటుంది. దీని లోపమల్లా పెళుసుదనం. గట్టిగా నాకింగ్ వస్తే వంగదు, ముక్కలవుతుంది. ఆ ముక్క గోడను చీరి, ఎగ్జాస్ట్ గుండా పోతూ టర్బో రెక్కలను కూడా కొట్టేస్తుంది. ఇంకొక జాగ్రత్త: గట్టిపరచిన పొర కొనకే పరిమితం కాబట్టి, దాని కొనను ఆకురాయితో రుద్ది సరిచేయాలని ఎన్నడూ ప్రయత్నించవద్దు.

సాగే గుణమున్న ఉక్కు సీల్: టర్బో పీడనం పెంచిన ఇంజిన్లకు ఎక్కువమంది ఎంచుకునేది ఇదే, నేనూ దానితో ఏకీభవిస్తాను. నాకింగ్ వచ్చినప్పుడు ఇది విరగడానికి బదులు వంగుతుంది. వంగిన సీల్ కంప్రెషన్ పోగొడుతుంది గాని, చాలా సందర్భాల్లో హౌసింగ్‌నూ రోటర్‌నూ మిగులుస్తుంది. దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది. గ్రాఫైట్ లేదు కనుక నూనె మీద ఎక్కువగా ఆధారపడుతుంది. మిశ్రమం, వేడి చికిత్స సరిగా లేని కొన్ని ఉక్కు సీళ్లు క్రోమ్ మీద పైన చెప్పిన అలల గీతలు వేస్తాయి. కొనేటప్పుడు కాఠిన్యం ఎంత, ఏ పూత గోడ కోసం చేశారు అని రాతపూర్వకంగా అడగండి. చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనవద్దు.

కార్బన్ సీల్: టర్బో లేకుండా, ఎక్కువ ఆర్‌పీఎంలో, తక్కువ గంటలు తిరిగే పందెపు ఇంజిన్లలో దీనికి చోటుంది. గోడకు దీనంత మంచి చేసేది లేదు. కానీ త్వరగా అరుగుతుంది, నాకింగ్‌ను అసలు తట్టుకోదు.

సిరామిక్ సీల్: సిలికాన్ నైట్రైడ్ కాఠిన్యం సుమారు 1500 వికర్స్, బరువు ఇనుములో సగానికన్నా తక్కువ, వేడికి మెత్తబడదు. 1991లో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచిన మాజ్డా 787బి కారులోని నాలుగు రోటర్ల ఇంజిన్‌లో సిరామిక్ సీళ్లే వాడారు. ఆ మాట విని చాలామంది సిరామిక్ వైపు మొగ్గుతారు. ఆ ఇంజిన్ గోడకు మామూలు క్రోమ్ కాక, క్రోమియం కార్బైడ్ సెర్మెట్ (సిరామిక్, లోహం కలిసిన పదార్థం) పూత చల్లారన్న సంగతి మాత్రం చెప్పుకోరు. అక్కడ కూడా ఎంచుకున్నది జోడీనే. మీ దగ్గర కొత్త హౌసింగ్, జాగ్రత్తగా ట్యూన్ చేసిన ఇంధన వ్యవస్థ, 8500 ఆర్‌పీఎం దాటవలసిన నిజమైన అవసరం ఉంటే సిరామిక్ తన తేలికదనంతో గోడను చాలాకాలం కాపాడుతుంది. వాడిన హౌసింగ్ మీద, వారానికోసారి నడిపే కారులో దానికి పెట్టే డబ్బును రేడియేటర్‌కూ, నాక్ సెన్సార్‌కూ పెట్టమని సలహా ఇస్తాను. పొరపాటున చేయి జారి నేలమీద పడిన సిరామిక్ సీల్‌ను, పైకి పగులు కనిపించకపోయినా ఇంజిన్‌లో పెట్టకండి.

ఎంపిక తేలక ఊగిసలాడుతున్నప్పుడు నన్ను నేను వేసుకునే ప్రశ్న ఇది: ఈ ఇంజిన్‌లో ఏదైనా తప్పు జరిగిన రోజున సీల్ ఏమైపోవాలని నేను కోరుకుంటాను? నెమ్మదిగా అరగాలా, వంగాలా, విరగాలా? దాదాపు ప్రతిసారీ పదార్థాన్ని తేల్చేది ఆ జవాబే.

ఐదో మెట్టు: వేడికి పెరిగే కొలతలను సరిచూడండి

సీల్ పొడవు హౌసింగ్ వెడల్పుకన్నా కొద్దిగా తక్కువ ఉండాలి. ఎంత తక్కువన్నది పదార్థాన్నిబట్టి మారుతుంది. 80 మిల్లీమీటర్ల అల్యూమినియం హౌసింగ్ 20 డిగ్రీల నుంచి 120 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 0.18 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది. సీల్ అంతకన్నా వేడిగా ఉంటుంది. దాన్ని 220 డిగ్రీలనుకుంటే, పోత ఇనుప సీల్ కూడా దాదాపు 0.18 మిల్లీమీటర్లే పొడవవుతుంది. రెండూ కలిసి పెరుగుతాయి కనుక చల్లగా ఉన్నప్పటి సందు వేడిలోనూ దాదాపు అలాగే ఉంటుంది. అదే వేడికి సిలికాన్ నైట్రైడ్ పెరిగేది 0.05 మిల్లీమీటర్లే. అంటే కొసల దగ్గర సందు 0.13 మిల్లీమీటర్ల మేర పెరిగిపోతుంది, కంప్రెషన్ అటునుంచి జారిపోతుంది. కాబట్టి సిరామిక్ సీల్‌కు ఇనుప సీల్ కోసం రాసిన సందు కొలతను వాడకూడదు. తయారీదారు ఇచ్చిన కొలతనే పాటించండి. ఈ లెక్క కేవలం పోలిక కోసం. మీ ఇంజిన్‌లో అసలు వేడి ఎంతన్నది నడిపే తీరునుబట్టి మారుతుంది.

గాడిలో సీల్‌కు పక్కన ఉండే సందును ఫీలర్ గేజ్‌తో కొలవండి. 2 మిల్లీమీటర్ల సీల్‌కు అది 0.15 మిల్లీమీటర్లు మించితే రోటర్ గాడి అరిగినట్టే. ఆ సందు మరీ తక్కువైనా ప్రమాదమే: వాయువు ఆ సందులోంచి దూరి సీల్ అడుగున చేరి దాన్ని పైకి నొక్కుతుంది కనుక, దారి మూసుకుపోతే సీల్‌కు బలం తగ్గుతుంది, మసి చేరితే గాడిలోనే ఇరుక్కుపోతుంది. పాత సీల్‌నే మళ్లీ వాడాలనుకుంటే ఎత్తు కొలవండి. 2 మిల్లీమీటర్ల ఇనుప సీల్ కొత్తగా 8 మిల్లీమీటర్లు ఉంటుంది, 6.5కు దిగితే పనికిరాదు. 3 మిల్లీమీటర్ల సీల్‌కు 8.5, 7.0 కొలతలు. ఇంజిన్ మొత్తం విప్పాక పాత సీల్ మళ్లీ పెట్టడం నాకు మాత్రం నచ్చదు.

ఆరో మెట్టు: సైడ్ సీళ్లు, కార్నర్ సీళ్లు, ఆయిల్ సీళ్లు

రోటర్ పక్క ముఖాల అంచుల వెంట సైడ్ సీళ్లు, మూలల్లో కార్నర్ సీళ్లు, వాటికి లోపలగా నూనెను ఆపే ఆయిల్ సీళ్లు ఉంటాయి. ఇవి గదిని రెండు పక్కలా మూసే ఇనుప సైడ్ హౌసింగ్ (సైడ్ ప్లేటు) మీద నడుస్తాయి, వాలవు, వేడి కూడా తక్కువ. కనుక ఇక్కడ కంపెనీ పదార్థమే చాలు. చూడవలసింది కొలత. సైడ్ సీల్ కొసకూ కార్నర్ సీల్‌కూ మధ్య సందు 0.05 నుంచి 0.15 మిల్లీమీటర్ల మధ్య ఉండేలా, ఒక కొసనే సన్నని ఆకురాయితో కొద్దికొద్దిగా రుద్దుతూ సరిచేయండి, 0.40 దాటితే దాన్ని తీసిపారేయండి. సైడ్ హౌసింగ్ వంకరను స్ట్రెయిట్ ఎడ్జ్‌తో చూడండి: హద్దు 0.04 మిల్లీమీటర్లు. సీల్ నడిచిన దారిలో మెట్టులా అరిగిన లోతు 0.10 దాటకూడదు. దాటిన ప్లేటును చదును చేయించవచ్చు, కానీ గట్టిపరచిన పైపొర అప్పుడు పోతుందేమో, మళ్లీ నైట్రైడింగ్ (నైట్రోజన్‌తో పైపొరను గట్టిపరచడం) చేయిస్తారేమో పని అప్పగించే ముందే అడగండి. ఆయిల్ సీల్ పెదవి వెడల్పు 0.5 మిల్లీమీటర్లు దాటితే కొత్తది వేయండి.

2023లో వచ్చిన మాజ్డా 8సి ఇంజిన్‌లో సైడ్ హౌసింగ్‌ను కూడా అల్యూమినియంతో చేసి సెర్మెట్ పూత చల్లారు, అపెక్స్ సీల్ మందాన్ని 2 నుంచి 2.5 మిల్లీమీటర్లకు పెంచారు. గోడ మారినప్పుడల్లా సీల్ కూడా మారుతుందనడానికి ఇది తాజా సాక్ష్యం.

ఏడో మెట్టు: రబ్బరు సీళ్లను తక్కువ చేయకండి

రోటరీ ఇంజిన్ చనిపోయే దారుల్లో రెండోది ఇది. హౌసింగ్‌కూ సైడ్ ప్లేటుకూ మధ్య ఉండే నీటి సీల్ చెడితే కూలెంట్ గదిలోకి దూరుతుంది. ఉదయం స్టార్ట్ చేయగానే తెల్లటి పొగ వస్తుంది. ఈ సీల్ ఒక పక్క మండే వాయువు వేడినీ, మరో పక్క గ్లైకాల్ కలిపిన నీటినీ ఎదుర్కోవాలి. నైట్రైల్ రబ్బరు సుమారు 100 నుంచి 120 డిగ్రీల దగ్గర గట్టిపడిపోతుంది కనుక ఇక్కడ వద్దు. ఈపీడీఎం రబ్బరు గ్లైకాల్‌కు బాగా ఓర్చుకుంటుంది గాని నూనె తగిలితే ఉబ్బుతుంది. కాబట్టి నూనె దారులకు దాన్ని వాడకూడదు. సిలికోన్ వేడికి ఓర్చినా తేలిగ్గా చిరుగుతుంది. విటన్ పేరుతో తెలిసిన ఫ్లోరోఎలాస్టోమర్ 200 డిగ్రీల దాకా నిలుస్తుంది, నూనెకూ పెట్రోలుకూ ఓర్చుకుంటుంది. ఆయిల్ సీళ్ల లోపలి ఓ-రింగులకు నేను వాడేది అదే. నీటి సీళ్లకు కంపెనీ సెట్టు లేదా టెఫ్లాన్ తొడుగున్న సెట్టు తీసుకోవచ్చు. టెఫ్లాన్ తొడుగు సులువుగా నొక్కుకోదు కనుక గాడి లోతు, గాడి శుభ్రత కచ్చితంగా ఉండాలి. గాడి పాత ఇంజిన్లలో రోటర్ హౌసింగ్‌లో, 1986 తరువాతి వాటిలో సైడ్ ప్లేటులో ఉంటుంది కాబట్టి సెట్టు కొనేటప్పుడు సంవత్సరం చెప్పండి.

మన బంకుల్లో ఇప్పుడు దొరికే ఇ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోలు వాడేవారు ఇంజెక్టర్ ఓ-రింగులనూ, ఇంధన గొట్టాలనూ కూడా ఇథనాల్‌కు తగిన ఫ్లోరోఎలాస్టోమర్ రకానికి మార్చండి. పాత కార్లలో ఇవి ఇ20ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు.

ఎనిమిదో మెట్టు: ఎంచుకున్న పదార్థానికి తగిన నూనె ఏర్పాటు

ఇంజిన్‌లోని మీటరింగ్ పంపు గదిలోకి కొలతగా నూనె పంపుతుంది. పోత ఇనుప సీల్‌కు ఆ పంపు సరిగా పనిచేస్తే చాలు. ఉక్కు సీల్ పెడితే పంపు ఉన్నా, పెట్రోలులో కొంత టూ-స్ట్రోక్ నూనె కలపడం మేలు: పంపు ఉన్నప్పుడు సుమారు 200 పాళ్లకు ఒక పాలు, పంపు తీసేసినట్టయితే 100 నుంచి 130 పాళ్లకు ఒక పాలు. బూడిద తక్కువ మిగిల్చే నూనెనే ఎంచుకోండి, ఎందుకంటే ఆ బూడిద సీల్ గాడుల్లోనే చేరుతుంది.

తొమ్మిదో మెట్టు: బిగించాక పరీక్ష

సీళ్లను మార్చిన ఇంజిన్‌ను మొదటి 1500 కిలోమీటర్లు టర్బో పీడనం లేకుండా, 4000 ఆర్‌పీఎం లోపల నడపండి. ఉక్కు, సిరామిక్ సీళ్ల తయారీదారు ఇంతకన్నా ఎక్కువ దూరం చెబితే ఆ మాటే పాటించండి. ఆ తరువాత వేడి ఇంజిన్ మీద కంప్రెషన్ చూడండి. మామూలు గేజ్ ఒక్క గరిష్ఠాన్నే చూపుతుంది. రోటర్‌కు మూడు ముఖాలున్నాయి కనుక మూడు ముఖాలనూ విడివిడిగా చూపే రోటరీ గేజ్ కావాలి. 250 ఆర్‌పీఎం దగ్గర ఆర్‌ఎక్స్-7 13బికి చదరపు సెంటీమీటరుకు 6 కిలోలకు తగ్గకూడదు, ముఖాల మధ్య తేడా 1.5 దాటకూడదు. స్టార్టర్ మోటారు 250కి తక్కువ తిప్పుతుంటే చదివిన అంకెను ఆ వేగానికి సరిచేసి చూడాలి, లేకపోతే మంచి ఇంజిన్‌ను చెడ్డదనుకుంటారు.

మూడు ముఖాల్లో వరసగా రెండు తక్కువ చూపి మూడోది బాగుంటే, ఆ రెండింటి మధ్యనున్న ఒకే అపెక్స్ సీల్ మీద అనుమానం పెట్టుకోండి. మూడూ సమానంగా తక్కువైతే గోడనో, సైడ్ సీళ్లనో, లేదా ఇంకా కుదురుకోని కొత్త సీళ్లనో చూడాలి. ఈ అంకెలను తేదీతో, సీల్ పదార్థం పేరుతో, హౌసింగ్ స్థితితో కలిపి ఒక నోటుబుక్కులో రాసి, 5000 కిలోమీటర్ల తరువాత మళ్లీ కొలిచి పక్కనే రాయండి.